ఉప్పునీళ్ళ బొమ్మ

దాలినాయుడికి వాళ్ళమ్మ ముఖం గుర్తు లేదు.

ఆమె పోయేనాటికి అతనికి ఆరేళ్ళు. అండమాన్‌లో ఓ చిన్న దీవిలో వాళ్ళ నాన్న కర్రల మిల్లులో పనిచేసేవాడు. ఆమెను అక్కడే మట్టి చేసి, పిల్లవాణ్ణి ఓడెక్కించి తెచ్చి భీమిలిలో అమ్మమ్మ దగ్గర దింపేశాడు. ఫోటో అనేది ఆ ఇంట్లో ఎవరూ తీయించుకోలేదు.

నలభై దాటాక ఆ దిగులు మరీ ఎక్కువైంది. దాలినాయుడు బడిలో డ్రాయింగు మాస్టరు. ఊళ్ళో ఎవరి తల్లి ఫోటో ఇచ్చినా అచ్చు గుద్దినట్టు బొమ్మ వేసిచ్చేవాడు. సొంత తల్లికి మాత్రం ఒక్క గీత గీయలేకపోయాడు. ఆ దీవికి పోయి, ఆ ఒడ్డునే కూర్చుని బొమ్మలు వేస్తే అందులో ఎక్కడో అమ్మ కనబడకపోతుందా అని ఆశ. చిన్నప్పుడు తనకు కుంచె పట్టడం నేర్పిన లతీఫ్ మాస్టారిని బతిమాలి వెంట తీసుకెళ్ళాడు.

మాస్టారికి డెబ్భై రెండు. ఓడలో మూడు రోజులూ వాంతులే. "సముద్రాన్ని ఒడ్డున కూర్చుని వెయ్యాలయ్యా, దాని నెత్తి మీద కూర్చుని కాదు" అని విసుక్కున్నారు.

దాలినాయుడి సామాను చూస్తే ఆడపిల్లకు సారె పంపుతున్నారేమో అనిపిస్తుంది. నీటిరంగులు, ఆరు కుంచెలు, గొడుగు, వందేళ్ళయినా చెక్కుచెదరదని కొన్న ఖరీదైన కాగితం. పైగా అయిదు లీటర్ల మంచినీళ్ళ డబ్బా. దీవి నీళ్ళలో ఉప్పు ఉంటుందట, రంగు పాడవుతుందట.

తొమ్మిది రోజుల్లో పద్నాలుగు బొమ్మలు వేశాడు. కొబ్బరిచెట్లు, మడ అడవి, పగడపు రాళ్ళ మీద ఆకుపచ్చగా కదిలే నీళ్ళు. అన్నీ అందంగానే వచ్చాయి. క్యాలెండర్ల వాళ్ళకు చూపిస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటారు. అమ్మ మాత్రం ఏ బొమ్మలోకీ రాలేదు. మిల్లు లేదు. వాళ్ళ గుడిసె ఉన్నచోట అడవి మొలిచింది. ఆమెను పూడ్చింది ఎక్కడో చెప్పగల మనిషి ఒక్కడూ మిగల్లేదు.

పదో రోజు సాయంత్రం, తెల్లారితే పడవ అనగా, దాలినాయుడు ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

"వట్టి చేతుల్తో పోతన్నాను మాస్టారూ. మళ్ళీ ఇంత దూరం రావడం నా వల్ల కాదు."

మాస్టారు పక్కన కూర్చున్నారు. ఓదార్చలేదు.

"మీయమ్మ గురించి నీకు ఏటి గుర్తుంది?"

"ఏటీ లేదు."

"ఏదో ఒకటుంటాది. ఆలోచించు."

దాలినాయుడు అరచేత్తో మొహం తుడుచుకుంటూ చెప్పాడు. "కొంగు. నీళ్ళు ఎనక్కి తీసినప్పుడు గుల్లలు ఏరడానికి పోయేది. వచ్చి కొంగుతో నా మొహం తుడిచేది. ఎప్పుడూ తడే. ఆరిన కొంగు నేనెరగను. మొహం మాత్రం..."

మాస్టారు లేచారు. డబ్బాలో మిగిలిన మంచినీళ్ళు పట్టుకెళ్ళి అడవి అంచున ఓ మొక్క మొదట్లో పోశారు. కుంచెలు కడిగే గిన్నెను అలలో ముంచి తెచ్చి శిష్యుడి ముందు పెట్టారు.

"దీంతో వెయ్యి."

"సముద్రం నీళ్ళతోనా? ఉప్పు పట్టేస్తే కాగితం పాడైపోద్ది మాస్టారూ. అది మరి ఆరదు."

"వెలుగు పోతంది. వెయ్యి."

గురువు మాట కాదనలేక వేశాడు. ఎదురుగా ఏముంటే అదే వేశాడు. వెనక్కి తీసిన నీళ్ళు, తడి ఇసుక, అంతే. రంగు ఒక్కటీ మాట వినలేదు. ఉప్పు తేలి అక్కడక్కడా తెల్లటి మచ్చలు పడ్డాయి. పదిహేనింటిలో ఇదే అధ్వాన్నమనుకుని దాన్ని అన్నిటికన్నా అడుగున సర్దేశాడు.

భీమిలి వచ్చాక పద్నాలుగు బొమ్మల్నీ ఎవరెవరో అడిగి పట్టుకుపోయారు. పదిహేనోదాన్ని ఎవరూ అడగలేదు. మాస్టారు వేయించారు కదా అని పారేయలేక, అద్దం దండగనుకుని, ఉత్తినే గోడకు తగిలించాడు.

జూలైలో ముసురు పట్టింది. నాలుగు రోజులుగా బట్టలు ఆరక ఊరంతా వానను తిట్టుకుంటోంది. ఆ మధ్యాహ్నం దాలినాయుడు గోడవైపు చూస్తే, బొమ్మ ఉప్పు జాడీలా చెమ్మగిల్లి ఉంది. కింది అంచున ఓ చుక్క వేలాడుతోంది. ఒళ్ళు మండిపోయి, దాన్ని గొడుగు కింద పట్టుకుని మాస్టారింటికి పోయాడు.

"చెప్పానా మాస్టారూ, ఆరదని చెప్పానా! ఎంత ఎండలో పెట్టినా వాన పడితే మళ్ళీ ఇంతే. దీన్ని నేనేటి చేసుకోను?"

మాస్టారు మంచం మీంచి లేచి బొమ్మను అందుకున్నారు. వేలితో తాకి చూశారు. తర్వాత రెండు చేతులతో ఆ కాగితాన్ని ఎత్తి దాలినాయుడి చెంపకు ఆనించారు.

చల్లగా, తడిగా ఉంది. సముద్రం వాసన. కళ్ళు మూసుకున్నాడు. కాగితాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు గానీ చెంప మీంచి తియ్యలేదు.

బయట వాన పెద్దదైంది.

"మాస్టారూ," అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "ఈ ముసురు ఇంకెన్నాళ్ళు ఉంటాదంటారు?"

మాస్టారు వెళ్ళి, మూసి ఉన్న కిటికీని చెమ్మగాలికి తెరిచారు.