తెర ముందు మరిది

చింతలగిరి రాజావారికి కలెక్టరు దొర మీద కంటే, దొర నోట్లోని ఒక మాట మీద ఎక్కువ కోపం. రోడ్డు వేయించండి, ఇమ్మీడియట్లీ. టీకాలు వేయించండి, ఇమ్మీడియట్లీ. చివరికి విందుకు పిలిచినా, ఇమ్మీడియట్లీ!

"తక్షణం అని అర్థమట. కానీ మన నెత్తినెక్కి కూర్చున్న ఈ మాట అసలు ఎక్కడ పుట్టింది? చెప్పినవారికి దుబాసీ ఉద్యోగం ఇస్తాను. దొరల మాటలు తెలుగు చేయడానికి మనకెలాగూ ఒకరు కావాలి" అన్నారు సభలో.

బుచ్చినరసింహం మీసం సవరించుకుని లేచాడు. ఆయనకు ఇంగ్లీషులో తన పేరు రాయడం కూడా రాదు. వచ్చింది ఆయన వదిన పేరిందేవికి. బందరులో పాదిరీల దగ్గర పనిచేసిన తండ్రి ఆమెకు ఇంగ్లీషూ లాటినూ నేర్పాడు. అయితే ఆ సభలో ఆడవాళ్లు తెర వెనకే కూర్చోవాలి. వాళ్ల మాట ఇంటి మగవాడు వినిపించాలి. నరసింహం వినిపించేవాడు. అది ఎవరి మాటో చెప్పడం మాత్రం మరచిపోయేవాడు. అలా పండితుడయ్యాడు. ఈ ఉద్యోగమూ ఆయనకే దక్కితే, పేరిందేవి బతుకంతా గుసగుసలతోనే తెల్లారుతుంది.

ఆయన తెర పక్కకు జరిగాడు.

"వదినా, అందించు. త్వరగా!"

"అందిస్తాను మరిదిగారూ. నేనన్నది అన్నట్టే అనండి."

"ఎప్పుడు అనలేదు? కానీ!"

తెర వెనక గుసగుస. తెర ముందు గర్జన.

"ప్రభూ! ఇది లాటిన్ సంతానం. 'ఇన్' అంటే లేదు. 'మీడియస్' అంటే నడుమ. నడుమ ఎవరూ లేకుండా, నేరుగా అని మొదటి అర్థం. అడ్డు లేనిచోట ఆలస్యం ఉండదు కనుక తక్షణం అయింది!"

సభ భళీ అంది.

"బాగుందయ్యా. ఏదీ, ఒక ఉదాహరణ?" అన్నారు రాజావారు.

మళ్లీ గుసగుస. నరసింహం ఛాతీ విరిచి, విన్నది విన్నట్టే సభ మారుమోగేలా అన్నాడు:

"ప్రభూ! నేనీ తెర ముందు నుంచి తప్పుకుంటే, తక్కిన జవాబులన్నీ తమకు ఇమ్మీడియట్లీ అందుతాయి!"

అనేశాక అర్థమైంది. అప్పటికే రాజావారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"తెర తీయండి! దుబాసీ ఉద్యోగం ఆ అమ్మదే. శాలువా తెండి!"

శాలువా వచ్చింది. నరసింహం రెండు చేతులూ చాచాడు. ఇంటి ఆడవాళ్ల సన్మానం అందుకునే కష్టం కూడా మగవాడే పడాలి కదా!

పేరిందేవి లేచి నిలబడింది. ఆమె గొంతు సభకు వినబడడం అదే మొదటిసారి.

"ప్రభూ, శాలువా కూడా ఇమ్మీడియట్లీ!"

సభ గొల్లుమంది. శాలువా నరసింహాన్ని దాటుకుని వెళ్లింది.