నక్క ఇచ్చిన రెండు వందల గంటలు

రెల్లులంక చుట్టూ ఏటి పాయల్లో ఎన్ని మడుగులున్నాయో లంకలో అన్ని కొంగల కుటుంబాలు ఉండేవి. ఒక్కో కుటుంబానికి ఒక్కో మడుగు. అందులో చేప దొరికినా, పీత దొరికినా, ఏమీ దొరక్కపోయినా ఆ కుటుంబానిదే, పక్కవాళ్లు తొంగిచూడకూడదు. ఎండలు ముదిరే ముందు వయసులో ఉన్న కొంగలు గుంపు కట్టి ఉత్తరానికి ఎగిరిపోయేవి. ముసలివాళ్లు, పిల్లల తల్లులు ఆ మడుగుల్నే నమ్ముకుని వేసవి గడిపేవాళ్లు.

ఎగరడం ఏ కొంగకైనా వస్తుంది. గుంపు ముందు ఎగరడం వేరు. గాలి ఎటు తిరుగుతుందో, ఏ కొండసందులోంచి దూరాలో, ఎక్కడ దిగితే వలలు ఉండవో తెలిసినవాళ్లను ముందుకొంగలు అనేవాళ్లు. దిగిన ప్రతిచోటా మొదటి చేప వాళ్లదే. ఆ మొదటి చేప మీద ఆశతో లంకలో ప్రతి తల్లీ తన పిల్లను ముందుకొంగను చెయ్యాలని కలలు కనేది. అయితే ఎవరైనా గురువు ఎదుట రెండు వందల గంటలు ఎగిరిన పిల్లనే గుంపులోకి తీసుకోవాలని పెద్దలు ఎప్పుడో కట్టుబాటు చేశారు. ఏటి అవతలి బడిలో కొట్టే గంట లంకకు వినిపిస్తుంది కనుక కొంగలు కూడా కాలాన్ని గంటల్లోనే కొలిచేవి.

ఇదంతా కనిపెట్టి ఎర్రదిబ్బ మీద ఎగిరే బడి తెరిచినవాడు జంబన్న అనే నక్క. ఆయన జన్మలో నేల విడిచి మూరెడు ఎత్తు లేచిన పాపాన పోలేదు. అయినా ఎప్పుడూ మబ్బుల వైపు చూస్తూ మాట్లాడేవాడు. అలా చూస్తూ మాట్లాడేవాళ్ల మీద జనానికి ఎందుకో నమ్మకం కుదురుతుంది.

ధవళ అనే కొంగపిల్లను వాళ్లమ్మ కంకమ్మ ఆ దిబ్బ ఎక్కించింది.

"మీ మడుగు నాకు తాకట్టు పెట్టు కంకమ్మా. పిల్లకు రెండు వందల గంటలు ఇచ్చి పంపుతాను. అది మొదటి చేపలు తినే రోజున నా బాకీ తీర్చి మడుగు విడిపించుకోండి" అన్నాడు జంబన్న.

"గుంపులో కొలువు రాకపోతే?"

"రెండు వందల గంటలున్న పిల్లకు కొలువు రాకపోవడమేమిటమ్మా, నలుగురూ వింటే నవ్వుతారు."

నలుగురూ నవ్వుతారన్న భయంతో కంకమ్మ ఇంకేమీ అడగలేదు. లంకలోకి మేతకొచ్చే బోడన్న అనే ముసలి ఎద్దును సాక్షిగా నిలబెట్టారు. ఆ రోజు నుంచి కంకమ్మ చిన్నపిల్లలిద్దరినీ వెంటేసుకుని వరిమళ్లలో నత్తలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ధవళకు ఒంటికాలి మీద నిలబడి కునుకు తియ్యడం ఆనాటితో పోయింది. ఒక కాలు ఎత్తుతుంది, దించుతుంది, రెండోది ఎత్తుతుంది. తెల్లారేసరికి దిబ్బ మీద ఉండేది.

"ఈ రోజు ఎగురుదామా గురువుగారూ?"

"గాలి బాగాలేదు."

మర్నాడు గాలి బాగుంటే మబ్బు పట్టిందనేవాడు. మబ్బు లేకపోతే లెక్కలు రాసే కాకి ఊరెళ్లిందనేవాడు. కాకి ఉన్నరోజున ఆయనకే ఒంట్లో నలతగా ఉండేది. నెలకు నాలుగు గంటలు ఎగిరితే అదే గొప్ప. ధవళ దిబ్బ మీద అటు నడిచేది, ఇటు నడిచేది. కింద తమ మడుగులో జంబన్న నడుముల్లోతు దిగి కొరమీనులు పట్టుకోవడం అక్కడి నుంచి చక్కగా కనిపించేది. అది చూసి ఏడుపొచ్చేది. ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చేది.

ఏడాది తిరిగింది. దక్షిణపు గాలి మొదలైంది. గుంపు బయల్దేరడానికి ఇక పదిరోజులే ఉంది. తాటాకు మీద కాకి పెట్టిన గీతలు లెక్కపెడితే నలభై ఉన్నాయి.

"మిగతా నూట అరవై గంటలు ఎప్పుడు గురువుగారూ? పది రోజులే ఉంది" అంది ధవళ.

"సిద్ధంగా ఉన్నాయి" అంటూ జంబన్న పొదలోంచి ఒక పాత గోతాం లాక్కొచ్చి బోర్లించాడు. గలగలమంటూ పడ్డాయి మేకలకు కట్టేవి, దూడలకు కట్టేవి, చిలుము పట్టినవి, చొట్టలు పోయినవి. పచ్చికబయళ్లలో పశువుల మెడల్లోంచి తెగిపడ్డవన్నీ కాకి ఏరి తెచ్చింది. "లెక్కపెట్టుకో, సరిగ్గా నూట అరవై."

"ఇవి... మెడకు కట్టే గంటలు కదా."

"నేనేమన్నాను? రెండు వందల గంటలు ఇస్తానన్నాను. ఎగిరిస్తానన్నానా? మీ బోడన్న సాక్షే, అడుగు."

ధవళ ఆ గోతాం ముక్కున కరుచుకుని కొంగల పెద్ద వల్లభయ్య దగ్గరికి వెళ్లింది. వేరే ఏం చెయ్యాలో దానికి తోచలేదు.

"ఎన్ని గంటలమ్మా?" అని అడిగాడాయన.

"ఎగిరినవి నలభై పెద్దయ్యా. మోసుకొచ్చినవి నూట అరవై."

వల్లభయ్య గోతాంలోకి తొంగిచూసి ఒక చిలుము గంటను ముక్కుతో పైకి తీశాడు. తర్వాత, "మీ గురువుకు ఎన్ని గంటలున్నాయట?" అన్నాడు.

ఆ మాట తానూ తన తల్లీ ఏడాది కిందట అడగవలసింది. ధవళ తల వంచుకుంది.

"ఉన్నమాట చెబుతాను విను. నిజంగా రెండు వందలు ఎగిరినవాళ్లే ఇరవైమంది కొలువు కోసం నా చుట్టూ తిరుగుతున్నారు. కొత్తపిల్లలకు మొదటి చేప ఎవడూ పెట్టడు. గుంపు తోకలో చోటిస్తాం, సగం చేప పెడతాం. అలా మూడు నాలుగేళ్లు ఎగిరితే అప్పుడు ముందుకు రావచ్చు."

"సగం చేప నేను తినగా ఇంటికి పంపేదేముంటుంది? మా మడుగు ఎన్నాళ్లకు విడుస్తుంది? మా అమ్మ మొదటి చేప లెక్కే వేసుకుంది."

"ఆ లెక్క మీ అమ్మకు ఎవరు చెప్పారు?"

"జంబన్నే."

"మరి అడుగు, చెప్పినవాణ్ణే పెట్టమను" అన్నాడు వల్లభయ్య విసుగ్గా. అంతలోనే దాని ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీ రెక్కల తీరు నేను చూశాను, బాగుంది. నలభై గంటలైనా సరే తోకలో తీసుకుంటాను, మిగతావి దారిలో పూర్తి చేద్దువుగాని. కానీ మడుగు విడిపించుకునే రా. ఇంటి దగ్గర పిల్లలు పస్తులుంటే నువ్వు దారి చూడవు, వెనక్కి చూస్తావు. వెనక్కి చూసే కొంగ నా గుంపులో వద్దు."

ఇక తొమ్మిది రోజులు. ధవళ ఏటి ఒడ్డున పచార్లు చేస్తుంటే బోడన్న మేస్తూ ఎదురొచ్చాడు.

"సాక్ష్యం చెప్పినందుకు నాకు సిగ్గుగా ఉందమ్మా. గంటలంటే ఆ గంటలనుకోలేదు. నా మెడలోనూ ఒకటుంది, నన్నూ ఎగరమంటాడేమో" అన్నాడు.

"నవ్వించకు బోడిమామా, నాకు కాళ్లు నిలవడం లేదు."

"నవ్వుకేముంది, ఇది మెడలో పడ్డ తర్వాత నేనూ నవ్వలేదు. పన్నెండేళ్లయింది. పక్కవాడి చేలో దొంగతనంగా ఒక్క జొన్నకంకి తిన్నది లేదు. నేను అడుగు వేసేలోగా చప్పుడు అక్కడికి చేరుతుంది, కర్ర పట్టుకుని వాడు సిద్ధంగా ఉంటాడు."

ధవళ పచార్లు ఆగిపోయాయి. బోడన్న మెడ వైపు చూసింది. తర్వాత గోతాం వైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే దిబ్బ మీదికి వెళ్లి, "గురువుగారూ, పెద్దాయన ఒక మాట అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను" అంది.

"ఏమడిగాడు?"

"మీకు ఎన్ని గంటలున్నాయని. ఎగువలంక నుంచి ఎల్లుండి పదిమంది తల్లులు బడి చూడ్డానికొస్తున్నారు. వాళ్లూ అదే అడుగుతారు."

జంబన్న మొదటిసారి మబ్బుల మీంచి చూపు దించాడు. "వాళ్లు కూడానా?"

"మీరే అన్నారుగా, గంటంటే ఇదేనని. నాకు ఒప్పిన గంటలు మీకు ఒప్పవా? ఇవన్నీ మీకే ఇచ్చేస్తాను, గురుదక్షిణ అనుకోండి. నూట అరవై గంటల గురువును కళ్లారా చూస్తే ఎవరైనా నోరెత్తుతారా?"

పది మడుగులు జంబన్న కళ్ల ముందు కదిలాయి. అయినా అనుమానంతో, "జారిపోతాయేమో" అన్నాడు.

"గిజిగాణ్ణి పిలుస్తాను. వాడు అల్లితే జారడం ఉండదు."

గిజిగాడు వచ్చాడు. వాడి చిన్నాన్న కొడుకు కూడా ఈ బడిలో చదివినవాడే, అందుకని పని శ్రద్ధగా చేశాడు. తాటినార చీల్చి మెడ నుంచి తోక మొదలు దాకా వల అల్లి, వలకు గంటలు బిగించి, గిజిగాడికి తప్ప మరొకరికి కొస దొరకని ముడి వేశాడు. జంబన్న నీళ్లలో నీడ చూసుకుని మురిసిపోయాడు. ఎగువలంక తల్లులు వచ్చారు, చూశారు, ఆలోచించుకుని చెబుతామని వెళ్లారు.

ఆ సాయంత్రం జంబన్న కుందేలు కోసం బయల్దేరితే లంకలో కుందేలన్నది లేదు. ఎలుకలు లేవు, కంజుపిట్టలు లేవు. మర్నాడు మడుగులో కాలు పెట్టాడు. పీతలు బొరియల్లో దూరాయి, కప్పలు గట్టు దాటాయి, చేపలు అడుగుకు పోయాయి. ఎనిమిది కుటుంబాల మడుగులు ఆయన చేతిలో ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ దిగాడు, ఎనిమిదింటిలోనూ అదే వరస. ఎంగిళ్లు దొరక్క కాకి కొలువు మానేసింది. నార కొరికి చూశాడు, దవడలు నొప్పి పుట్టాయి తప్ప పోగు తెగలేదు. నాలుగో రోజున కొండ మీది చిరుత ఏటి దాకా వచ్చి, ఎవరో భోజనానికి గంట కొట్టి పిలుస్తున్నట్టుంది, ఎవరని బోడన్నను అడిగి వెళ్లింది.

ఐదో రోజున జంబన్న ముళ్లపొదలో కదలకుండా కూర్చుని ధవళకు కబురు పెట్టాడు.

"తల్లీ, విప్పించు."

"అప్పుడే విప్పడమేమిటి గురువుగారూ, మీకు ఇంకా నలభై తక్కువ."

"ఎగతాళి చాలు, నాకు ప్రాణం పోతోంది. ఏం కావాలో చెప్పు."

"ఎనిమిది మడుగులు, నూట అరవై గంటలు. మడుగుకు ఇరవై చొప్పున గిజిగాడు విప్పుతాడు. ఎవరి మడుగు వాళ్ల చేతికి, బోడిమామ ఎదురుగా."

జంబన్న బేరమాడబోయాడు. దూరంగా చిరుత దగ్గు వినిపించింది. బేరం మానేశాడు.

మొదట కంకమ్మ మడుగు విడిచింది. ఆ పూట పిల్లలిద్దరూ చేప కోసం కొట్టుకుంటుంటే కంకమ్మ తిట్టకుండా చూస్తూ కూర్చుంది. తర్వాత వరసగా ఆరు మడుగులు విడిచాయి. ఇంకా ఇరవై గంటలు మిగిలాయి.

"ఎనిమిదోది ఉబ్బయ్య వాళ్లది. మడుగు నీకిచ్చాక తిండి లేక పోయిన వేసవిలోనే పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయారు" అన్నాడు బోడన్న.

"వాళ్లే లేనప్పుడు ఎవరికివ్వను? విప్పెయ్యరా" అన్నాడు జంబన్న.

"ఉబ్బయ్య వచ్చి తన నోటితో విప్పమంటే విప్పుతాను" అని గిజిగాడు తన గూటికి పోయాడు.

పదో రోజు తెల్లవారుతుండగా గుంపు లేచింది. తోకలో ఆఖరున ధవళ ఉంది. సగం చేపకే ఎగురుతున్నానని దానికి తెలుసు. అయినా వెనక్కి చూడలేదు.

జంబన్న ఆ పొద్దునే ఉబ్బయ్యను వెతుక్కుంటూ బయల్దేరాడు. నాటి నుంచి ఏటి పొడుగునా లంక లంకా తిరుగుతున్నాడు. ఉబ్బయ్య కుటుంబం ఏ రెల్లుపొదలో తలదాచుకుందో గాని, గంటల చప్పుడు వినపడగానే నక్క వస్తోందని పిల్లలతో సహా లేచి అవతలి లంకకు ఎగిరిపోతోంది.

నీతి: ఎగరడం నేర్పుతానన్నవాణ్ణి, నువ్వెంత ఎగిరావని ముందే అడగాలి.