కాళాచారి అంగట్లో మొదటి బొట్టు

ధర్మవరంలో ఆయుధపూజనాడు కాళాచారి అంగడికి వెళ్తే ఒక వింత చూడవచ్చు. కంప్యూటర్లు బాగుచేసే ఆ అంగట్లో మొదటి బొట్టు స్క్రూడ్రైవరుకు కాదు, టెస్టరుకూ కాదు, గూట్లో ఉన్న ఒక చచ్చిన పవర్ సప్లైకి పెడతారు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరుకు తగినట్టు మార్చి అందించే ఇనప డబ్బా అది. మాడిపోయి ఏళ్లయింది. పక్కన ఉన్న జిరాక్సు అంగడి నాదే కాబట్టి, దానికి ఆ మర్యాద ఎట్లా దక్కిందో నా కళ్లతో చూశాను.

ఆ ఏడు కాళాచారి శిష్యుడు ఓబులేసు కదిరిలో సొంత అంగడి పెట్టబోతున్నాడు. మంచి పనివాడు, నోరు కూడా గట్టిదే. పూజకోసం బల్లలు తుడుస్తూ గురువును అడిగాడు. "స్వామీ, ఒక్క మాట తేల్చి చెప్పండి. మామూలు డబ్బా పెట్టినా కంప్యూటరు ఆడుతుంది, పేరున్న కంపెనీది పెట్టినా ఆడుతుంది. లోపల ఉండేదాన్ని ఎవరూ చూడరు. దానికి అంత ధర పెట్టమని రేపు కదిరిలో జనానికి ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

గురువు నవ్వాడు. ఆయన తీరే అంత. "మనదగ్గర బాగుకిచ్చిన ఆదెప్ప కంప్యూటరు ఏమైంది?" అని మాత్రం అడిగాడు.

"ఆశ వదులుకోవాల్సిందే స్వామీ. మొన్న గాలివానకు వాళ్ల వీధిలో తీగ తెగి వోల్టేజి ఎగదన్నింది కదా. డబ్బాతోపాటు మదర్‌బోర్డు పోయింది, హార్డ్‌డిస్కూ పోయింది. ఆయన గీసిన చీర డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయంట, పాపం."

అంతలో గంగరత్నమ్మ ఆటో దిగింది. పట్టుచీరలకు అంచులూ బుటాలూ కంప్యూటరులో గీసి మగ్గాలవాళ్లకిచ్చే మనిషి. ఆదెప్పది ఎదురిల్లే. ఊరికిపోయి ఆ పొద్దే వచ్చి చూసుకుందట. పాతచీరలో చుట్టి తెచ్చిన కంప్యూటరును బల్లమీద దించీ దించకముందే అందుకుంది.

"ఏం చారన్నా! మామూలుది చాలంటే వినకుండా, పేరున్నదే పెట్టుకోమని పోరుపెట్టి పెట్టించినావే! పోయిన దసరాకు పెట్టింది ఈ దసరాకు చచ్చి కూర్చుంది. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెళ్లిచీర అంచు మగ్గమెక్కాల. నేను ఇన్నేళ్లు గీసిందంతా దీంట్లోనే ఉంది. అది కూడా పోయింటే నేనింక..." కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఓబులేసు గురువు వైపు చూశాడు. పేరున్నదీ చచ్చింది కదా స్వామీ అని నోటితో అనలేదు గాని, ఆ చూపు అదే. నిజం చెప్పొద్దూ, నాకూ అట్లాగే అనిపించింది.

కాళాచారి ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. "ఓబులేసూ, ఆ డబ్బా ఊడదీసి మనది ఒకటి తగిలించు. మీట నొక్కు" అన్నాడు.

ఓబులేసు తగిలించాడు. గంగరత్నమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ఓబులేసు ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. నెమళ్లు, మామిడి పిందెలు, హంసలు, ఎక్కడివక్కడే ఉన్నాయి. పెళ్లిచీర అంచు ఆమె గీస్తూ ఆపిన నెమలి మెడ దగ్గరే ఉంది.

"నా తల్లీ, ఉన్నావా!" అని ఆమె తెరను తడిమి ఏడ్చేసింది. కాసేపటికి తేరుకుని, "నోరు పారేసుకున్నాను చారన్నా, ఏమనుకోవద్దు" అంది.

"అనుకునేదేముందమ్మా. ఇంటికి పోయి ముందు వీటికి ఇంకో కాపీ పెట్టుకో" అన్నాడాయన.

ఆమె వెళ్లాక ఆదెప్ప డబ్బానూ గంగరత్నమ్మ డబ్బానూ పక్కపక్కన పెట్టి విప్పమన్నాడు. ఆదెప్పది మామూలు డబ్బాయే అయినా దానిమీద బంగారురంగు అక్షరాలు ధగధగలాడుతున్నాయి. లోపల, కరెంటు ఎగదన్నితే తాను కాలి అడ్డుకునే కాపలా ముక్క ఉండాల్సిన చోటు ఖాళీ, ఫ్యూజు బదులు ఉత్త తీగముక్క అతికించి ఉంది. ఎగదన్నిన కరెంటు ఆ దారినే నేరుగా లోపలికి పోయింది. గంగరత్నమ్మదాంట్లో ఆ ముక్క నల్లగా బొగ్గయింది, పక్కనున్న ఫ్యూజు తెగిపోయింది. వాటిని దాటి ఒక్క మచ్చ లేదు. ఓబులేసు చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నేను కూడా అంగడి సంగతి మరిచి అక్కడే నిలబడ్డాను. ఎంత గొప్పగా చేశార్రా అనిపించింది.

పూజవేళకు సామాన్లన్నీ వరుసగా పేర్చారు. ఓబులేసు కుంకుమ తీసుకుని స్క్రూడ్రైవరు మీదికి వంగాడు. కాళాచారి అతని చెయ్యి పట్టుకుని గంగరత్నమ్మ కంప్యూటరులోంచి తీసిన ఆ మాడిన డబ్బా దగ్గరికి తెచ్చాడు.

"దీనికా స్వామీ? ఇది చచ్చింది కదా!"

"చచ్చింది. ఇదొక్కటే చచ్చింది. పెట్టు."