పోయింది దొరక్కపోతే

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. ఊళ్లో ఎవరిదేం పోయినా నాయకుడు వెతికించాలి, దొరక్కపోతే అలాంటిదే తన ఇంటినుంచి ఇవ్వాలి. కొలువులో అందరి ముందూ ఆ మాట గొప్పగా చెప్పి, "నీదేం పోయిందమ్మా?" అన్నాడు రేచనాయకుడు.

ఏడవకూడదనుకునే వచ్చింది బొల్లక్క. "నా కొడుకయ్యా. మీ భటులు కోట పనికి పట్టుకెళ్లారు. గోడ కూలి దాని కిందే ఉండిపోయాడు."

నాయకుడు గబుక్కున పక్కనున్న తన కొడుకు భుజం పట్టుకున్నాడు.

"భయపడకండి, మీ బిడ్డ నాకెందుకు? కోటలో మిగిలిన మా ఊరి పిల్లల్ని ఇచ్చేయండి, చాలు."

అంతమందిలో నాయకుడు కాదనలేకపోయాడు. సాయంత్రం పిల్లలు వస్తుంటే తల్లులంతా ఎదురు పరుగెత్తారు. బొల్లక్క కూడా వెళ్లింది. అందరూ ఇళ్లకు చేరాక కూడా దారివైపే చూస్తూ నిలబడింది.