హార్విక్ దొర ఆగిన వేళ

అనగనగా, పిల్లలూ, ఏడు సముద్రాల అవతల ఇంగ్లండులో హార్విక్ దొర అని ఒకాయన ఉండేవాడు. ఆయన రాజుగారి సభలో సభ్యుడు. ఆయన లేచి మాట్లాడాడంటే ఎంతటివాడైనా నోరు మూసుకోవలసిందే. ఆ సభలో ఒక తీరు ఉండేది. ఎదుటివాడు వెంటనే బదులు చెప్పలేకపోతే ఓడినట్టే లెక్క.

రాజుగారు ముచ్చటపడి ఆయన్ని అమెరికా తీరాన కొత్తగా వెలిసిన కర్రకోటకు అధికారిగా పంపాడు. అక్కడ నది మీద ఎప్పుడూ పొగమంచే. అడవి కలలో లాగా కనబడీ కనబడకుండా ఉండేది.

ఆ ఏడు చలి ముందే వచ్చిపడింది. పీపాల్లో పిండి అడుగంటింది. కోటలో పిల్లలు ఏడ్చే ఓపిక కూడా లేక పడుకుని ఉన్నారు.

నది అవతల, కాస్త ఎగువన ఉండే తెగవాళ్ల దగ్గర మొక్కజొన్న పుష్కలంగా ఉంది. దొర దుబాసీని వెంటబెట్టుకుని పడవెక్కాడు. తెగకు పెద్దదిక్కు తెల్లకొంగ అనే అవ్వ. ఆమె ఇంట్లో మంట చుట్టూ అందరూ చేరారు. మొక్కజొన్న ఇమ్మని దొర ఉపన్యాసం దంచేశాడు, దుబాసీ వాళ్ల భాషలో చెప్పాడు. ఎవరూ పలకలేదు. ‘ఇంకేం, గెలిచేశాను!’ అనుకుని దొర ఠీవిగా వచ్చేశాడు. ఎన్నాళ్లు చూసినా ఒక్క గింజ రాలేదు.

రెండోసారి ఇంకా ఘాటుగా మాట్లాడాడు. మళ్లీ అదే మౌనం. “ఇంత పొగరా!” అని విసవిసా నడిచి వచ్చేశాడు. ఎంత తొందర మనిషో చూశారా!

మూడోసారి మంచు కురుస్తుండగా వెళ్లాడు. “అవ్వా, మా పిల్లలు...” అన్నాడు. తల వంచుకుని అలాగే కూర్చుండిపోయాడు. కప్పు సందులోంచి మంచు రేకులు మెల్లగా దిగి, మంటను చేరేలోగా మాయమవుతున్నాయి. తాను మేలుకుని ఉన్నాడో కలగంటున్నాడో దొరకే తెలియలేదు.

అప్పుడు పలికింది తెల్లకొంగ అవ్వ.

“నాయనా, మనిషి మాట్లాడాక మేం కాసేపు ఊరుకుంటాం. మరిచిందేమన్నా ఉంటే గుర్తు తెచ్చుకోనిస్తాం. విన్నది మా మనసులో దిగనిస్తాం. ఆ తరవాతే బదులు. నువ్వేమో రెండుసార్లూ బదులు వినకుండానే లేచిపోయావు.”

“ఏమిటవ్వా ఆ బదులు?” అన్నాడు దొర.

“మొదటిరోజే గంపలు నింపి పెట్టాం, అదిగో చూడు. ఒక్కటే అడుగుదామనుకున్నాం. నదికి అడ్డంగా మీరు కట్టిన దడి తీసెయ్యి నాయనా. మా చేపలు ఎగువకు రావాలి.”

దొరకు సిగ్గేసింది. మాట నాలుక చివరనే ఉన్నా, ఈసారి కావాలనే ఆగాడు. మంట చిటపటలాడింది. అవ్వ కళ్లు నవ్వాయి.

“తీసేస్తానవ్వా,” అన్నాడు అప్పుడు.

తెల్లవారేసరికి ఆ చల్లటి నీళ్లలో దిగి, దడి కర్రలు తన చేతులతోనే పీకాడు. కోటలో పొయ్యిల మీద జావ ఉడికింది. పిల్లలు లేచి కూర్చున్నారు.

కనుక పిల్లలూ, మన మాట అయిపోగానే పని అయిపోయినట్టు కాదు. ఎదుటివాళ్ల మాట వినడానికి కాసేపు ఆగినప్పుడే అది నెరవేరుతుంది.