పటిక నీళ్ళ గీత

శ్రీకాళహస్తిలో మునిరత్నం అనే కలంకారీ చిత్రకారుడు ఉండేవాడు. గుడ్డ దగ్గర ఎంత ఓర్పో, తన ఒంటి దగ్గర అంత తొందర ఆయనకు. కరక్కాయ రసం పట్టించిన గుడ్డ ఆరేదాకా రోజంతా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. జలుబుకు మింగిన మాత్ర మాత్రం సాయంత్రానికి పనిచెయ్యకపోతే మిగిలినవి పెరట్లోకి గిరాటు వేసేవాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. బొమ్మంతా ఎవరు గీసినా, కళ్ళు మాత్రం ఇంటి పెద్దే చివర్న గీయాలి. అరవై దాటాక మునిరత్నం కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మందులతో కొంత తగ్గినా, కలం పట్టేసరికి మళ్ళీ వణికేది. కూతురు సుగుణ గీసిన సీతమ్మలు కళ్ళు లేకుండా దండెం మీద వేలాడుతుంటే ఆయన అటు చూడలేక మొహం తిప్పుకునేవాడు.

సుగుణ ఆయన్ను తిరుపతిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. కోత లేదు, సూది లేదు. తలకు ఆనించి పెట్టే అయస్కాంతపు తీగచుట్ట ఒకటి బయటినుంచే మెదడును తట్టి లేపుతుందని ఆవిడ చెప్పింది. అందరికీ ఒకేలా గుణం కనబడదనీ, మాత్రలు మానకూడదనీ, నాలుగు వారాలు విడవకుండా రావాలనీ హెచ్చరించింది.

తీగచుట్ట టక్కు టక్కుమంటుంటే మునిరత్నానికి కళ్ళు మూతలు పడేవి. తాను స్వర్ణముఖిలో మోకాలి లోతున నిలబడి గుడ్డ జాడిస్తున్నట్టుండేది. గుడ్డ మీది చిలకలు ఒక్కొక్కటే విడివడి, తొందరేమీ లేకుండా నీళ్ళ అడుగున ఈదుకుంటూ వెళ్ళేవి. ఎంత హాయిగా ఉండేదో! కుర్చీ దిగి చూసుకుంటే మాత్రం అదే వణుకు. అయిదో రోజుకు ఆయనకు విసుగొచ్చింది. ఇక రానని భీష్మించాడు.

ఆ మధ్యాహ్నమే పంతానికి కలం తీసి సీతమ్మ కన్ను గీయబోయాడు. వెదురు కలం నుంచి నల్లరంగు చుక్క జారి చెంప మీద పడింది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నలుపు పడితే ఇక పోదు. కూతురి ఇరవై రోజుల కష్టం ఒక్క చుక్కతో పాడైంది. మునిరత్నం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సుగుణ కోప్పడలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"చిన్నప్పుడు నాతో గుడ్డ మీద పటిక నీళ్ళు పూయించినావు, గుర్తుందా నాయనా? రంగు యాడుందని నేను ఏడిస్తే ఏమన్నావు?"

మునిరత్నం పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉందమ్మా, ఇప్పుడు అగపడదు, రంగునిచ్చే వేరు వేసి ఉడకబెట్టినాక ఎరుపు తేలుతుంది అన్నాను."

"మరి నీకు పటిక పూసింది అయిదు రోజులే గదా."

మర్నాడు ఆయనే ముందు లేచి బస్సెక్కాడు. రెండో వారమూ ఏమీ తెలియలేదు. నోరెత్తకుండా వెళ్ళి కూర్చున్నాడు, చిలకల వెంట తిరిగాడు. మూడో వారంలో ఒక పొద్దున టీ గ్లాసు తొణక్కుండా పెదాల దాకా వచ్చింది. ఆయన ఆ గ్లాసును అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

వణుకు పూర్తిగా పోలేదు. అయినా నాలుగు వారాలు నిండాక సుగుణ గీసిన కొత్త సీతమ్మకు ఆయనే కళ్ళు దిద్దాడు. రెప్పల అంచున గీత ఒకింత అదిరింది. అందుకేనేమో, ఆ తల్లి అప్పుడే కలలోంచి లేచి చూస్తున్నట్టుంది. చుక్క పడిన పాత గుడ్డను ఆయన పారెయ్యలేదు. రోజూ కంటికి ఆనేలా ఎదురుగోడకు కట్టుకున్నాడు.

నీతి: చేతిలోని పనికి ఇచ్చే ఓర్పును మన ఒంటికీ ఇవ్వాలి, కంటికి కనబడనంత మాత్రాన మేలు జరగడం లేదనుకోకూడదు.