మూడు చుక్కల వ్యవధి

అనగనగా, నాయనలారా, నడిమధ్యాహ్నమైనా మంచు విడువని ఒక అడవి ఉండేది. ఆ అడవి నడుమ ఒక గుహ. ఆ గుహలో ఒక ముసలి దేవాంగపిల్లి నివసించేది. పుల్లలవంటి సన్నని చేతులు, రెప్ప వేయని గుండ్రని కన్నులు. మంత్రపుటాకులతో ఆట ఆడటమే దాని వ్యసనం. ఆ ఆటలో ఓడినవారి నీడ గుహలోనే ఉండిపోయేది. నీడ పోయిన జంతువు మూడు దినాలలో పలచబడి, పలచబడి, మంచులో మంచైపోయేది. ఆ అడవిలో అంత మంచు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసింది గదా!

పింగళ అనే ముంగిసకు సుకేశి అనే చెల్లెలు ఉన్నది. సుకేశి ఆ ఆటలో ఓడింది. మూడవనాటి ఉదయానికి, ఆమె దేహంలోనుంచి వెనుకనున్న పొద కనిపించసాగింది.

"ఎలా ఓడావే?" అని పింగళ కన్నీళ్ళతో అడిగింది.

"నా చేతిలో విరుగుడాకు ఉన్నదక్కా. ఎదుటివారి మంత్రాన్ని విరిచేది అదొక్కటే. ఆ ముసలిది తన ఆకును పైకెత్తగానే హడలిపోయి నాది వేసేశాను. అది నవ్వి, ఎత్తిన ఆకును మరల చేతిలోనే పెట్టుకొన్నది. వేయని మంత్రాన్ని విరిచేదెలా? నా ఆకు వృథా అయింది."

పింగళ నేరుగా గుహకు వెళ్ళింది. అక్కడి గోడలకు నీడలు వేలాడుతున్నాయి. ఒక్కొక్క నీడా మెల్లగా ఊపిరి తీస్తున్నది.

"రా తల్లీ, రా. అక్కాచెల్లెళ్ళది ఒకే పోలిక. నీ నీడ కూడ నాజూకైనదే" అన్నది దేవాంగపిల్లి.

"పొగడ్తలు చాలు. పందెం చెప్పు, అవ్వా."

"నా మంత్రాలు మూడు. నీకు విరుగుడాకు ఒక్కటే ఇస్తాను. మూడూ ముగిసేసరికి నీ నీడ నీ కాళ్ళవద్దనే ఉంటే, గోడమీది నీడలన్నిటినీ విడిచిపెడతాను. ఆట మర్యాద విను. ఆకును రాతిమీద పరచి 'పలికాను' అంటాను. గుహ కప్పునుంచి మూడు నీటిచుక్కలు రాలేవరకు నీకు వ్యవధి. ఆపైన 'పట్టింది' అంటాను. పట్టిన మంత్రాన్ని బ్రహ్మదేవుడైనా విప్పలేడు."

మొదటి ఆకుమీద చెవి బొమ్మ ఉన్నది. "పలికాను" అన్నది ముసలిది. టప్. టప్. పింగళ చేయి విరుగుడాకుమీదికి పోయింది. 'చెవికోసం దీనిని ఖర్చుచేస్తే నీడకు అడ్డేది?' అనుకొని చేయి వెనుకకు తీసుకొన్నది. టప్. "పట్టింది." ఎడమచెవిలో లోకం నిశ్శబ్దమైపోయింది.

రెండవ ఆకుమీద కన్ను. ఈసారి పింగళ దవడలు బిగించి కూర్చొన్నది. మూడు చుక్కలు రాలాయి. ఎడమకంటికి చీకటి కమ్మింది.

"ఎంత పిసినారివే! ఒంటిచెవి, ఒంటికన్ను. ఇక నిన్ను చూడటానికి ఏ పెండ్లికొడుకు వస్తాడే?"

"వచ్చినవాడు నాకు సగమే కనబడతాడు గనుక, వాని లోపాలూ సగమే కనబడతాయిలే, అవ్వా."

ముసలిది మూడవ ఆకును ఎత్తింది. దానిమీద బొమ్మ లేదు. నల్లని మరక మాత్రం ఉన్నది. గోడమీది నీడలన్నీ ఒక్కసారిగా తలలు తిప్పి చూశాయి. ముసలిది ఆకును గాలిలోనే నిలిపి, పింగళను చూస్తూ ఉండిపోయింది. చుక్కలు రాలుతూనే ఉన్నాయి.

"వేయవేమే, పిల్లా?"

"నీవు ఇంకా పలకలేదు గదా, అవ్వా."

ఎంతసేపు గడిచిందో! చివరికి ఆ సన్నని చేయి అలసి దిగింది. ఆకు రాతిని తాకింది.

"పలికాను."

టప్. పింగళ నీడ అంచు నేలనుంచి పొరలా లేచింది. చలి ఎముకలలోకి పాకింది.

టప్. పింగళ తన ఆకును ఆ నల్లని మరకమీద పరచి, "విరిచాను!" అన్నది.

టప్. ముసలిది నోరు తెరిచింది. 'పట్టింది' అన్న మాట వెలువడలేదు. నల్లని ఆకు పొడిపొడియై రాలిపోయింది.

నీడలు చప్పుడు లేకుండ గోడ దిగి బయటికి నడిచాయి. సొంతదారులు మిగలని నీడలు మంచుముద్దల కింద చేరి, అవి కదిలినవైపే కదలసాగాయి.

పింగళ ఇల్లు చేరేసరికి, సుకేశి వెనుకనున్న పొద ఆమెలోనుంచి కనబడటం మానింది. సుకేశి అక్క ముఖాన్ని తడిమి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అక్కా, మొదటి మంత్రానికే విరుగుడు వేసి ఉంటే నీ చెవి దక్కేది గదా!"

పింగళ కుడిచెవిని చెల్లెలివైపు తిప్పి విన్నది.

"దక్కేది. నీవే దక్కేదానివి కావు."

నీతి: విరుగుడు చేతిలో ఉంటే చాలదు, రాని ఆపదకు బెదిరి విసరక, చిన్న నష్టానికి వెచ్చించక, ఆపద పట్టుకొనేలోగా ప్రయోగించే నిబ్బరమూ ఉండాలి.